ప్రశ్నించు శవము

శవము నాశ్రయించి తిరుగు పిశాచముల కల్పన పెక్కు జాతుల సాహిత్యములందు కలదు. అరబ్బుల గాథలలోని 'గూల్' ఎడారిలో రూపములు మార్చుచు బాటసారులను దారి తప్పించెడిది. 18వ శతాబ్దమున ఫ్రెంచి అనువాదకుడు గాలాన్ తన అరేబియన్ రాత్రుల కథలలో దానిని శ్మశానమందలి శవభక్షకిగా చిత్రించెను. 1974లో అమెరికాలో వెలువడిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఆటలో అది తాకినంతనే మనుష్యుని స్తంభింపజేయు జీవచ్ఛవమైనది.

మన బేతాళుని రీతి వేరు. అతడు శవములో నివసించియు మనుష్యుని తినడు, ప్రశ్నించును. 11వ శతాబ్దమున సోమదేవుడు కథాసరిత్సాగరమున చేర్చిన ఈ కథాసూత్రమును, 1947లో పుట్టిన 'చందమామ' తెలుగువారి ఇంటింటికి చేర్చినది. భిక్షువు కోరికపై విక్రమార్కుడు శవమును మోసికొనిపోవుచుండును. ఉత్తరము తెలిసియు చెప్పకున్న తల పగులును; చెప్పినచో మౌనభంగమై శవము తిరిగి చెట్టెక్కును. పడిన శ్రమ వృథాయగునని యెరిగియు రాజు ప్రతిసారి సత్యమునే పలికెను. చివరి ప్రశ్నకు మాత్రము నిజముగా ఉత్తరము తోచక ఊరకుండెను. బేతాళుడు మెచ్చి, భిక్షువు పన్నిన కుట్రను తెలిపి, రాజు ప్రాణము కాపాడెను.

తెలియనివాని మౌనము దోషము కాదు. తెలిసినవాని మౌనమే దోషమని మేము గ్రహించిన సారము. తరగతిలోనే కాక, సభలోను సంఘములోను మన విస్సన్నపేట విద్యార్థులు ఈ భేదమును పాటింతురుగాక!