అబ్బాయికి ఎన్ని స్టార్లు?

చెల్లీ, మొన్న హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి అడిగావు గుర్తుందా? "అప్పా, మా హాస్టల్ అమ్మాయిలు ఒక గ్రూపు పెట్టారు. అబ్బాయి ఫొటో పెడితే తెలిసినవాళ్లు స్టార్లు ఇస్తారు. నాకు పరిచయమైన అబ్బాయి ఫొటో కూడా పెట్టనా?" అని. అప్పుడు ఇంటినిండా చుట్టాలున్నారు, సరిగ్గా మాట్లాడలేకపోయాను. అప్పటినుంచీ అదే ఆలోచన.

నీ భయంలో తప్పేమీ లేదు. ముక్కూమొహం తెలియనివాణ్ని ఏ ధైర్యంతో నమ్ముతావు? మన ఇళ్లలో సంబంధం అంటే ముందు వాకబే కదా. టెక్కలి అబ్బాయి అంటే నాన్న ఆ ఊరు వెళ్లి, టీకొట్టు దగ్గర ఒకరినీ పక్కవీధిలో ఇంకొకరినీ అడిగి వచ్చేవారు. తాగుతాడా, అప్పులున్నాయా, ఇదివరకు సంబంధం కుదిరి తప్పిందా అని. ఆడపిల్ల ఆరా తీస్తే అనుమానపు మనిషి అనేవాళ్ల మాట అసలు పట్టించుకోకు. కానీ అబ్బాయి గురించి ఏ మాట ఎవరు చెప్పారో నాన్నకు తెలుసు. అబద్ధం చెప్పినవాడు రేపు అదే సంతలో నాన్నకు ఎదురుపడాలి. మీ గ్రూపులో స్టార్లు ఇచ్చినవాళ్లు ఎవరికి ఎదురుపడతారు?

అమెరికాలో 'టీ' అని ఒక యాప్ వచ్చింది. మగవాళ్ల ఫొటోలు పెట్టి, వాళ్లతో తమకు ఎదురైన అనుభవాలు ఆడవాళ్లు పేరు లేకుండా రాసుకునే చోటు. 2025 జూలైలో ఆపిల్ స్టోర్లో ఉచిత యాప్‌లన్నిటికీ పైన నిలిచింది. ఆ నెలలోనే దాని గుట్టు రట్టయింది. సుమారు 72,000 బొమ్మలు బయటపడ్డాయి. వాటిలో దాదాపు 13,000, తాము ఆడవాళ్లమేనని చూపించడానికి వాళ్లు పంపిన సెల్ఫీలు, గుర్తింపు కార్డులు. ఆ సెల్ఫీలను పక్కపక్కన పెట్టి ఎవరు అందంగా ఉన్నారో ఓట్లేయించిన దుర్మార్గులూ తయారయ్యారు. కాపాడుకోవడానికి వెళ్లిన పిల్లలమ్మా వాళ్లు! అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నీ ఫోన్లో ఉన్న ఫొటోలే కళ్లముందు మెదిలాయి.

పిన్ని కాశీబుగ్గలో జీడిపప్పు గ్రేడింగు చేస్తుంది, నీకు తెలుసు. డబ్ల్యూ 320 అంటే పౌనుకు 300 నుంచి 320 గుండ్లు తూగాలి. గుండు వేరు, బద్ద వేరు. చేతిలో పట్టుకుని చూసి వేరుచేస్తుంది. మనిషికి ఇచ్చే స్టారుకు అలాంటి కొలత ఏముంది? మెసేజికి జవాబివ్వలేదని ఒకమ్మాయి రెండు స్టార్లు ఇస్తుంది. చెయ్యి చేసుకున్నాడని ఇంకొకమ్మాయి అవే రెండు స్టార్లు ఇస్తుంది. నువ్వు చూసేది రెండు అన్న అంకె ఒక్కటే. నాకు అన్నిటికన్నా భయం వేసేది ఇక్కడే. నిజంగా ప్రమాదమైనవాడు ఆ అంకె చాటున దాక్కుంటాడు, మాట్లాడడం చేతకాని పిల్లాడు నలుగురిలో పలచనైపోతాడు.

ముద్ర పడితే ఎలా ఉంటుందో మనకు ఒకరు చెప్పాలా? అన్నయ్యకు కుదిరిన సంబంధం ఎలా తప్పిపోయిందో మరిచావా? తాంబూలాలకు రోజు కూడా చూసుకున్నాక, అమ్మాయి తరపువాళ్లు ఫోన్ చేసి "మీది ఉద్దానం కదా, కిడ్నీ జబ్బుల ఊరంట, మా పిల్లనివ్వలేం" అన్నారు. అన్నయ్య పరీక్షలు చేయించుకున్నాడు. క్రియాటినిన్ మామూలుగానే ఉంది. ఆ కాగితం చూపించమని ఒక్కరూ అడగలేదు. ఇక్కడ కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా ఉన్నమాట నిజమే, పలాసలో 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో తెరిచిందీ అందుకే. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, ఎన్ని ఇళ్లలో ఈ దుఃఖం ఉందో! కానీ ఊరి పేరు చూసి మనిషి ఒంట్లో ఏముందో చెప్పేస్తే ఎలా? ఆ సాయంత్రం అన్నయ్య అన్నం తినకుండా కొబ్బరితోటలో కూర్చున్నాడు. తనకు బదులు చెప్పుకునే వీలే ఇవ్వలేదని అతని బాధ.

అందుకని నోరు మూసుకోమని నేననను. ఎవడైనా కొట్టినా, బెదిరించినా, పెళ్లయిన సంగతి దాచినా, తెలిసిన పిల్ల ఆ విషయం తప్పకుండా చెప్పాలి. ఏం జరిగిందో, ఎప్పుడు జరిగిందో, తన నోటితో, తెలుసుకోవలసిన అమ్మాయికి చెప్పాలి. కేసు పెట్టే ధైర్యం కావాలంటే మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయాలి, తోడు మనం వెళ్లాలి. నాలుగు వందలమంది చూసే చోట ఫొటో పెట్టి అంకె వేస్తే, ఆ పిల్లకూ రక్షణ ఉండదు, ఆ అబ్బాయికీ న్యాయం జరగదు.

గ్రూపులో ఫొటో పెట్టకు. అబ్బాయి ఊరు, ఇంటిపేరు నాకు పంపు. బావకు నాలుగు ఊళ్లలో తెలిసినవాళ్లున్నారు, నేను స్వయంగా అడుగుతాను. అలా అడుగుతున్నామని అబ్బాయికి ముందే చెప్పు. మన గురించి అతను ఎవరినడిగినా మనకేం అభ్యంతరం లేదని కూడా చెప్పు. ఉద్దానం అని దాచకు.