పక్షవాతమును పాటయు

పక్షవాతము తగిలి నోట మాట పడిపోయిన వృద్ధుడు మంచముపై పరుండి యుండును. మంచినీళ్ళు కావలయునని చెప్పబోయి, యేదియో యస్పష్టధ్వని చేసి, చేయి చూపి, తుదకు కన్నీరు నించును. ఆ సాయంకాలమే గుడిలో భజన మొదలయినను, పొరుగింట ప్రార్థనకూటమున కీర్తన వినవచ్చినను, ఆతడు దానితో గొంతు కలిపి చరణము వెంట చరణము తప్పక పాడును. ఇంటివారు నివ్వెరపోవుదురు. నీళ్ళని యనలేనివాడు ఇంత పాట యెట్లు పాడెను, మనల నేడిపించుటకే నోరు మూసికొని యున్నాడని కొందరు నిష్ఠురములాడుదురు. దేవుడు కరుణించెను, మాట వచ్చినది, ఇక మందులేల యని మఱికొందరు సంతోషింతురు. ఈ రెండు తలంపులును తప్పులే. మొదటిది రోగికి అన్యాయము. రెండవది రోగికి అపాయము. కావున దీని కారణమును, దీని నాధారముగ జేసికొని వృద్ధిపొందిన సంగీతచికిత్సయను శాస్త్రమును ఇచ్చట కొంత వివరింప బూనితిమి.

ఈ వింతను లోకము చాలకాలము క్రిందటనే కనిపెట్టినది. స్వీడను దేశమున ఓలోఫ్ డాలిన్ అను పండితుడు 1745లో ఇట్టివాని నొకని గూర్చి వ్రాసెను. ఆతనికి కుడిపార్శ్వము చచ్చుబడి మాట పోయెను; కాని వ్యాధికి పూర్వము నేర్చిన కీర్తనలను, మొదట నెవరేని కొంచెము అందిచ్చినచో, ఆరోగ్యవంతునివలెనే స్పష్టముగ పాడుచుండెను. కారణము నూఱేండ్లకు పిమ్మటగాని తేటపడ నారంభింపలేదు. 1861లో పారిసు నగరమున బ్రోకా అను వైద్యుడు, "టాన్" అను ఒక్క యక్షరము దక్క మఱేమియు పలుకలేని రోగి చనిపోయిన తరువాత ఆతని మెదడును పరీక్షించి, ఎడమవైపు ముందుభాగము చెడిపోయి యుండుట చూచెను. పెక్కుమందికి మాటను కూర్చి పలికించు శక్తి మెదడున ఎడమపార్శ్వముననే ముఖ్యముగ నుండును. పాటయందలి స్వరమునకు కుడిపార్శ్వము గూడ మిక్కిలి తోడ్పడును. అదిగాక, చిన్ననాటనుండి వందలమారులు పాడిన కీర్తన మనకు మాటమాటగా గాక, దారమున గ్రుచ్చిన పూసలవలె ఒక్క వరుసగా జ్ఞాపకమున నిలిచి యుండును. ఒక పూసను లాగిన తక్కినవి తామే వచ్చును. ఎడమభాగము దెబ్బతిన్నను ఈ వరుస మిగులవచ్చును. కావున మన వృద్ధుడు నటించుట లేదు. ఆతని పాట నిజము, ఆతని మూగతనమును నిజమే.

అయితే కీర్తన పాడగలిగినంత మాత్రమున దాహము చెప్పుకొన గలుగునా? కలుగదు. కంఠస్థమైన పాట వేఱు, అవసరమునకు కూర్చుకొను మాట వేఱు. ఈ రెంటికిని నడుమ వంతెన గట్టుటయే చికిత్సకుని పని. 1973లో అమెరికా దేశపు బోస్టను నగరమున ఆల్బర్టు, స్పార్క్సు, హెల్ము అను మువ్వురు ఒక పద్ధతిని ప్రకటించిరి. అందు రోగికి కచ్చేరీ వినిపింపరు. నిత్యావసరమైన చిన్న మాట నొకదానిని గైకొని, హెచ్చు తగ్గు స్వరములు రెండింటిపై మెల్లగా సాగదీసి పాడింతురు. అక్షరమున కొకమారు రోగి యెడమచేతితో దెబ్బ వేయించుదురు. మన భాషలో జేయుదుమేని, "నీళ్ళు" అనుదానిలో "నీ" హెచ్చుస్వరమునను, "ళ్ళు" తగ్గుస్వరమునను ఉండును. మొదట చికిత్సకుడును రోగియు కలిసి పాడుదురు. పిమ్మట చికిత్సకుడు నడుమ మానివేయును. ఆ పిమ్మట రోగి యొక్కడే పాడును. తుదకు రాగము తగ్గించి తగ్గించి మామూలు మాటలోనికి దింపుదురు. ఇది వారములు, నెలలు పట్టు పని. అందఱికిని ఫలింపదు. వినికిడిని గ్రహించు శక్తి మిగిలి, పలుకుట మాత్రమే కష్టమైనవారికి మేలు. తుపాకిగుండు తలలో దూసికొనిపోయి మాట పోగొట్టుకొన్న అమెరికా శాసనసభ్యురాలు గాబ్రియేల్ గిఫర్డ్స్ 2011 తరువాత మరల మాట నేర్చుకొనుటలో పాట యొక సాధనమయ్యెను.

స్వరము నాలుకకు చేసినదానిని, తాళము కాళ్ళకు చేయును. దీనికి మన మహమ్మద్‌నగర్ పరిసరములు విడిచి దూరము పోనక్కఱలేదు. 1923లో మొదలై 1931లో ముగిసిన నిజాంసాగరము మంజీర నీటిని పొలములకు పంపినది మొదలు ఇచ్చట వరి విస్తరించెను. నాట్లవేళ స్త్రీలు వరుసదీరి వంగి పాడుచు నాటుటయు, బతుకమ్మనాడు చప్పట్లు చఱచుచు వలయముగ నడుగులు వేయుటయు పాఠకులు చూచియే యుందురు. పాట ఆగినచో అడుగు తడబడును. ఎవరును "ఇప్పుడు అడుగు వేయుము" అని చెప్పుట లేదు. చెవి విన్న తాళమును కాలు తానే అందుకొనుచున్నది. పార్కిన్సన్ వ్యాధివలన అడుగు చిన్నదై, గడపకడ పాదము నేలకంటుకొన్నట్లు నిలిచిపోవువారికి ఇదియే యూతయగును. మైకేల్ థౌట్ అను శాస్త్రజ్ఞుడు సహచరులతో 1996లో ప్రకటించిన పరిశోధనయందు, మూడువారములు తాళమునకు నడక సాధించిన రోగుల నడకవేగము నూటికి 25 వంతులు హెచ్చెను. సాధనవిధానము సులభమే. ముందుగా రోగి నిమిషమున కెన్ని యడుగులు వేయునో లెక్కింతురు. అఱువది యైనచో అఱువది దెబ్బల తాళమే యిత్తురు. అది కుదిరిన పిమ్మట అఱువదిమూడు, అఱువదియాఱు. మొదటనే త్వరితగతిని ఇచ్చినచో రోగి పడిపోవును.

కావున సంగీతచికిత్సయనగా రోగియొద్ద పాట పెట్టుట గాదు. శిక్షణ పొందినవాడు, ఒక గుఱి నేర్పఱచుకొని, రోగి యెఱిగిన పాటలను విచారించి, ముందు వెనుకల కొలిచి చూచుచు చేయు పని. సౌలు రాజు మనోవ్యధను దావీదు సితారాతో శాంతింపజేసిన కథ మన పాఠశాలలో ఎఱుగనివారుండరు. అయినను ఇది కళాశాలలో పట్టమిచ్చు విద్యగా మారినది ఇటీవలనే. గాయపడిన సైనికుల వైద్యశాలలలో సంగీతముయొక్క ఉపయోగము కనబడగా, 1944లో అమెరికాలోని మిచిగన్ రాష్ట్ర కళాశాల దీనికొక పాఠ్యక్రమము నేర్పఱచెను. ప్రపంచసంఘము 1985లో ఏర్పడెను.

మనవారును ఈ విషయమున వెనుకబడినవారు గారు. కాని మన కథలు వేఱు దారిని బోయినవి. త్యాగరాజు (1767–1847) బిలహరిలో "నా జీవాధార" పాడి చనిపోయినవాని బ్రదికించెనని యొక ఐతిహ్యము. శిష్యుని కడుపునొప్పి మాన్పుటకు ముత్తుస్వామి దీక్షితులు అఠాణరాగమున బృహస్పతిపై కృతి రచించెనని మఱియొకటి. ఇవి భక్తులయొక్క విశ్వాసమును చెప్పు కథలు. వీనిని పట్టుకొని, ఈ రాగము మధుమేహమునకు, ఆ రాగము రక్తపుపోటునకు అని మందులచీటివలె పట్టికలు వ్రాయువారితో మాత్రము మేము ఏకీభవింపజాలము. రాగము క్వినైను మాత్ర గాదు. ఒకే రాగమును విలంబమున పాడిన నిద్ర వచ్చును, ద్రుతమున పాడిన లేచి కూర్చుందుము. ఒకనికి తల్లి పాడిన జోలయైనది మఱియొకనికి వట్టి ధ్వని. గతియు, జ్ఞాపకమును ఎంత పని చేయునో విచారింపక రాగము పేరు మాత్రమే చెప్పుట శాస్త్రము గాదు.

మన జిల్లాకు చేరువనే డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ దొరసాని 1915లో కుష్ఠరోగులకు వైద్యశాల స్థాపించిరి. ఆ రోగులకు కీర్తన ధైర్యమునిచ్చెననిన నమ్మవచ్చును. కాని కుష్ఠక్రిమిని చంపినది మందు. 1981లో ప్రపంచారోగ్యసంస్థ నిర్ణయించిన మందుల కూటమే ఆ వ్యాధిని లోకమున అంతగా తగ్గించినది. పక్షవాతమునకును ఇదే న్యాయము. ముఖము ఒకవైపు వంకరపోయి, చేయి వాలి, మాట తడబడినచో, ఆ క్షణమే పెద్దవైద్యశాలకు చేర్పవలయును. మెదడు రక్తనాళమున గడ్డకట్టిన రక్తమును కరగించు మందు సాధారణముగ నాలుగున్నర గంటలలోపల ఇచ్చినగాని పనిచేయదు. మంత్రము వేయించుటలోను, మూలిక నూరించుటలోను, ప్రార్థనకు జనులను పిలుచుటలోను ఆ గంటలు గడచిపోయినచో ఏ సంగీతమును వానిని మరల తేజాలదు. పాటకు పని వైద్యునికి వెనుక.

ఆ పని మొదలగు దినమున చికిత్సకుడు అడుగు మొదటి ప్రశ్న: ఈతడు ఏయే పాటల నెఱుగును? పలువురు ఇంటివారు దీనికి బదులు చెప్పలేరు. పురుషోత్తమచౌదరిగారి కీర్తనలా, భజనపాటలా, పొలములో పాడినవా, పెండ్లిపాటలా? విద్యార్థులు ఈ సెలవులలో తమ తాతలకడను అవ్వలకడను కూర్చుండి, వారు చూడకుండ పాడగలిగిన పాటల మొదటి పాదములను ఒక పుస్తకమున వ్రాసికొందురు గాక. ప్రక్కనే వారు దినదినము పలుకు చిన్న మాటలు, నీళ్ళు, ఉప్పు, నొప్పి, చలి, మనుమల పేర్లు, వరుసగా వ్రాయవలయును. మనుమల పేర్లలో రెండక్షరముల పిలుపుపేర్లు ముందుండుట మంచిది. అవి స్వరమునకు సులభముగ నొదుగును.