పల్లమైపోయిన గదికి సీలింగ్

పాత గుంటూరులోనో, చిలకలూరిపేటలోనో, ఒంగోలులోనో పాత వీధిలో నడిచి చూడండి. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోగా, ఒకప్పుడు రెండు మెట్లెక్కి వెళ్ళిన ముందుగది ఇప్పుడు రెండు మెట్లు దిగి వెళ్ళాల్సిన గది అయింది. నల్లరేగడిలో కావాలని నేల కింద గది తవ్వుకునేవాళ్ళు తక్కువ. తవ్వకుండానే గది కిందికి పోయింది. మిరపకాయ టిక్కీలు (బస్తాలు) వేసుకునే ఆ గదిని ఆఫీసుగానో, పిల్లల చదువుల గదిగానో మార్చాలనుకున్నప్పుడు అందరూ ముందుగా అడిగేది ‘ఏ సీలింగ్ వేయిద్దాం?’ అని. నిజానికి అది చివర అడగాల్సిన ప్రశ్న. (అపార్టుమెంటు సెల్లారు సంగతి వేరు. అది పార్కింగుకే ఇచ్చిన చోటు, గది కట్టుకోవడానికి కాదు.)

ముందు టేపు తీయండి. శ్లాబు అడుగు నుంచి గచ్చు దాకా నాలుగు మూలలా కొలవండి. వాన నీళ్ళు లోపలికి రాకుండా గచ్చు మెరక చేయిస్తారు కాబట్టి ఆ మెరకను ఇప్పుడే తీసేసి లెక్క కట్టండి. పది అడుగుల గదిలో అడుగున్నర మెరక పోస్తే మిగిలేది ఎనిమిదిన్నర. మనుషులు మసలే గదికి నేషనల్ బిల్డింగ్ కోడ్ చెప్పే కనీస ఎత్తు 2.75 మీటర్లు, అంటే తొమ్మిది అడుగులు. ఏసీ గదికైతే 2.4 మీటర్లు. ఎనిమిదిన్నరలో జిప్సం సీలింగ్ ఫ్రేము నాలుగైదు అంగుళాలు తింటుంది. దాని కింద ఫ్యాను వేలాడితే రెక్కలు ఏడడుగుల దగ్గర తిరుగుతాయి. పొడగరి చొక్కా విప్పుకోవడానికి చేతులెత్తితే చాలు, ప్రమాదమే. అంత తక్కువ ఎత్తున్న గదికి ఫాల్స్ సీలింగ్ మాటే ఎత్తొద్దు. శ్లాబు అడుగునే శుభ్రంగా తీర్చిదిద్దుకుని, గోడ ఫ్యానుతో సరిపెట్టుకోవాలి.

ఎత్తు చాలినా వెంటనే సీలింగ్ మేస్త్రీని పిలవొద్దు. శ్లాబును అడగాల్సినవి ఉన్నాయి. సుత్తి పిడితో అడుగడుగునా కొట్టి వినండి. డొల్ల శబ్దం వచ్చినచోట పెచ్చు ఊడటానికి సిద్ధంగా ఉందని అర్థం. తుప్పు మరకలు గీతల్లా కనిపిస్తే లోపలి ఊచలు ఉబ్బుతున్నాయి. తర్వాత అడుగున్నర చదరం ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో శ్లాబుకు గట్టిగా అంటించి ఒక రోజు వదిలేయండి. శ్లాబు వైపు నీటి బొట్లు పడితే చెమ్మ పైనుంచి దిగుతోంది. గది వైపు పడితే అది గాలిలోని తేమ, కిటికీ తెరిస్తే పోయేది. ఈ పరీక్ష మే నెలలో చేస్తే ఏ శ్లాబైనా పాసవుతుంది. వానలు పడ్డాక చేయండి. పైన స్నానాల గది ఉంటే గొట్టాలు మూసి, నేలంతా నీళ్ళు కట్టి, మర్నాడు కింద చూడండి.

లీకు కనబడితే మందు పైన వేయాలి. కింద ఎన్ని పూతలు పూసినా నీళ్ళు ఆగవు, దారి మార్చుకుంటాయి. లీకు ఆగాక కింద పెచ్చులు రాల్చి, ఊచల తుప్పు వైరు బ్రష్‌తో గీకి, తుప్పును ఆపే పూత వేసి, పాలిమర్ కలిపిన సిమెంటు మాలుతో పూడ్చాలి. గది పాత మిరపకాయల గోదామైతే గీకడానికి ముందే తడిపి కడగండి. ఏళ్ళనాటి కారం దుమ్ము లేచిందంటే పనివాళ్ళు తుమ్ములతోనే పూట గడిపేస్తారు.

ఇప్పుడు ఎంపిక. పైన టేకు దూలాలు, వాటి మీద ఇటుక, సున్నంతో వేసిన మద్రాసు టెర్రస్ ఉంటే దాన్ని దేంతోనూ కప్పకండి. మూసిన చెక్కను చెదలు తినడం మొదలుపెడితే కనబడేసరికి దూలం డొల్లవుతుంది. మామూలు శ్లాబుకు నా మొదటి ఓటు సున్నానికే. పిడుగురాళ్ళ సున్నం మనకు పక్కనే. నానబెట్టి, వడగట్టి, కాస్త బంక కలిపి, పలుచగా మూడు పూతలు. చెమ్మ బయటికి పోతుంది, బూజు అంత తేలికగా పట్టదు. డిస్టెంపర్ అయితే పొట్టు పొట్టుగా రాలుతుంది.

పైనుంచి గొట్టాలు దిగుతున్నా, వైర్లు దాచాలన్నా గ్రిడ్ సీలింగ్. రెండడుగుల చదరపు పలకలు టీ ఆకారపు పట్టీల మీద ఊరికే కూర్చుంటాయి. ఎప్పుడు కావాలంటే అప్పుడు ఒకటి పైకెత్తి లీకు చూసుకోవచ్చు. పలక మాత్రం కాల్షియం సిలికేట్ తీసుకోండి. మినరల్ ఫైబర్ వానాకాలంలో మధ్యలో కుంగుతుంది. పీవీసీ పట్టీలు నీటికి చెడవు, చవక కూడా. కానీ లీకును నెలల తరబడి దాచిపెడతాయి. పత్తి, గోనెసంచులు ఉండేచోట పీవీసీ, థర్మోకోల్ రెండూ వద్దు. అంటుకుంటే పొగ ఊపిరాడనివ్వదు.

జిప్సం అందమైనదే, ఎండిన గదికి. పని వరస ఇదీ: లేజరుతోగానీ నీళ్ళ గొట్టంతోగానీ నాలుగు గోడల మీదా మట్టం గీసి, ఆ గీత వెంట గోడ ఛానల్ బిగిస్తారు. శ్లాబుకు యాంకర్లు కొట్టి యాంగిల్స్ వేలాడదీసి, నాలుగడుగులకొక ఇంటర్మీడియట్ ఛానల్, దాని కింద అడ్డంగా అడుగున్నరకొక సీలింగ్ సెక్షన్ వేస్తారు. పన్నెండున్నర మిల్లీమీటర్ల బోర్డును, అతుకులు ఒకే వరసలో పడకుండా, స్క్రూలతో బిగించి, అతుకుల మీద టేపు, దాని మీద కాంపౌండ్ పట్టిస్తారు.

ఇక్కడ మన నేల సంగతి మేస్త్రీకి గుర్తుచేయాలి. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. దానితోపాటు పాత ఇంటి గోడలూ వెంట్రుకవాసి కదులుతాయి. బోర్డును గోడకు ఆనించి పుట్టీతో అతికితే ఏడాది తిరక్కుండా చుట్టూ పగులు కనబడుతుంది. అర అంగుళం సందు వదిలి, లోపల నల్లరంగు వేయించండి. మేస్త్రీలు షాడో గ్యాప్ అంటారు. చూడటానికి డిజైనులా ఉంటుంది, గోడ కదిలినా బోర్డు చీలదు. ఆ సందుకు పైన సన్నని జల్లెడ బిగించకపోతే మాత్రం ఎలుకలు కాపురం పెడతాయి.

ఫ్యాను కొక్కెం శ్లాబుకే ఉండాలి, ఫ్రేముకు కాదు. గొట్టం అతుకు ఉన్నచోట తెరిచే తలుపు పెట్టించండి. రంగు వేసే ముందు పైన మరోసారి నీళ్ళు కట్టి చూడండి.

పని అయ్యాక మిగిలిన పలకలు నాలుగైనా పారేయకుండా దాచుకోండి. రెండేళ్ళ తర్వాత అదే డిజైను కొట్లో దొరక్కపోవచ్చు.