బీరువా నిండా స్వెట్టర్లు, బండి మీద వణుకు

సమస్య

మాది ఆదిలాబాద్ జిల్లా. నేను టీచర్ని. రోజూ పొద్దున ఏడున్నరకు స్కూటీ మీద బడికి బయల్దేరాలి, అరగంట పైనే దారి. దీపావళి దాటిందంటే మా ఇంట్లో ఒకటే గొడవ, చలిబట్టలు. ఏటా నలుగురికీ స్వెట్టర్లో జర్కిన్లో కొంటూనే ఉన్నాం. బీరువాలో ఒక అర నిండా అవే. మా తమ్ముడు షికాగో నుంచి తెచ్చిన లావుపాటి జాకెట్ కూడా ఉంది. అది వేసుకుంటే ఇంటర్వెల్ బెల్లు కొట్టేసరికి ఉడికిపోతాను, వేసుకోకపోతే బండి మీద వణికిపోతాను. డిగ్రీ చదివే చిన్నమ్మాయి పోయిన ఏటి స్వెట్టర్ ముట్టనంటుంది. అత్తమ్మ ఏది కొన్నా పక్కన పెట్టి పాత గొంగడే కప్పుకుంటుంది. మావారేమో పాతవన్నీ ఎవరికైనా ఇచ్చేసి, పదివేలు పెట్టి అందరికీ మంచివి కొందామంటున్నారు. డిసెంబరులో పెద్దమ్మాయి కాన్పుకు వస్తోంది, ఆ ఖర్చు వేరే. పాతవాటితోనే నెట్టుకొస్తే పిసినారితనం అంటారా? కొనాల్సి వస్తే ఏం కొనాలి?

– ఒక టీచర్, ఆదిలాబాద్ జిల్లా

సలహా

పదివేల సంగతి తర్వాత. ముందు మీ ఊరి చలి ఎలాంటిదో చూద్దాం. ఆదిలాబాద్‌లో డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు పడిపోవడం కొత్తేమీ కాదు. అదే రోజు మధ్యాహ్నానికి 28 డిగ్రీల దాకా ఎగబాకడమూ మామూలే. అంటే మీది పొద్దున కొన్ని గంటలు, పొద్దుగూకాక కొన్ని గంటలు వచ్చిపోయే చలి. మీ తమ్ముడు తెచ్చిన జాకెట్ ఇంకో రకం చలికి కుట్టింది. షికాగోలో జనవరి పగళ్లు కూడా సున్నా చుట్టూనే తచ్చాడుతుంటాయి. గడప దాటిన మనిషి మళ్లీ హీటర్ ఉన్న గదిలోకి అడుగు పెట్టేదాకా కోటు విప్పే పని ఉండదు. అక్కడికి ఒక్క మందపాటి కోటు సరిపోతుంది. గంటగంటకూ మారే మన చలికి ఒక్కొక్కటిగా విప్పుకునే వీలుండాలి. మీ ఇంట్లో ఏటా కొన్నవన్నీ మందం చూసి కొన్నవే అయి ఉంటాయి. అందుకే అర నిండింది గానీ వణుకు తగ్గలేదు.

బట్ట వేడి పుట్టించదు. వేడి పుట్టించేది ఒళ్లే. అది బయటికి జారిపోకుండా ఆపేది బట్టల్లో కదలకుండా నిలిచిన గాలి. ఉన్ని పోగు సహజంగానే వంకీలు తిరిగి ఉంటుంది, ఆ వంకీల మధ్య గాలి చిక్కుకుంటుంది కాబట్టే అంత వెచ్చన. రెండు పల్చటివి ఒకదాని మీద ఒకటి వేసుకుంటే నడుమ ఇంకో గాలి పొర ఉత్తపుణ్యానికి దొరుకుతుంది. ఆ గాలి కదిలిందంటే మాత్రం ఎంత మందమైనా దండగే. స్కూటీ మీద జరిగేది అదే. పది డిగ్రీల చలిలో గంటకు 40 కిలోమీటర్ల వేగంతో గాలి కొడితే, కప్పుకోని చర్మానికి అది ఆరు డిగ్రీల చలిలా తగులుతుందని వాతావరణ శాస్త్రజ్ఞుల లెక్క. స్వెట్టర్ అల్లికలోంచి అదే గాలి దూరి లోపలి వెచ్చదనాన్ని తోడేస్తుంది. కాబట్టి ఇంకో స్వెట్టర్ కొని లాభం లేదు, గాలిని ఆపే పైతొడుగు కావాలి. అది మీ ఇంట్లోనే ఉండి ఉంటుంది, వానాకాలం రెయిన్‌కోటు. స్వెట్టర్ మీద అది తొడుక్కోండి, బడి దగ్గర విప్పి డిక్కీలో పెట్టేయండి. అందులో చెమట పడుతుందంటారేమో. నిజమే, మామూలు రెయిన్‌కోటులోంచి ఆవిరీ బయటికి పోదు. కానీ మీరు కొండెక్కడం లేదు, కాసేపు బండి మీద కూర్చుంటున్నారు. లోపల నూలు బట్ట వేయకూడదని పర్వతారోహకులు చెప్పే సలహా కూడా అలా కొండెక్కేవాళ్ల కోసమే. తడిసిన నూలు తొందరగా ఆరదు, నీరు గాలి కన్నా సుమారు 25 రెట్లు ఎక్కువగా వేడిని లాగేస్తుంది. హిమాలయాల్లో అది ప్రాణాల మీదికి తెస్తుంది. మీ దారికి నూలు బట్టతో భయం లేదు.

చీర కట్టుకుని బండి నడిపే ఆడవాళ్లకు చలి కింది నుంచి వస్తుంది. జర్కిన్లు అమ్మేవాళ్లకు ఈ సంగతి పట్టదు, వాళ్ల లెక్కలో మనిషంటే నడుము పైభాగమే. మీరు నిజంగా కొనాల్సినవి ఇక్కడున్నాయి. చీర లోపలికి ఒక థర్మల్ లెగ్గింగ్, పొడుగు చేతుల పల్చటి ఇన్నర్లు రెండు, చేతులకు గ్లౌజులు, చెప్పుల్లోకి పనికొచ్చే బొటనవేలు విడిగా ఉన్న సాక్స్. పదివేలలో పావు వంతు దాటదని నా అంచనా.

మీవారి మాటలో న్యాయం లేకపోలేదు. ఏ స్వెట్టరూ కలకాలం ఉండదు. ఒక్కొక్కటీ కిటికీకి ఎదురుగా పట్టి చూడండి. మోచేతుల దగ్గర, చంకల కింద పల్చబడి వెలుతురు కనిపిస్తే దాని పని అయిపోయినట్టే. కానీ ‘మంచివి’ అంటే ఏవి? చలికాలం రాగానే మన ఊళ్లలో టిబెటన్లు పెట్టే దుకాణాల్లోని సరుకు చాలా వరకు లూధియానా మిల్లులది. ధర తక్కువ ఉన్నవాటిలో ఎక్కువ భాగం అక్రిలిక్. అదేమీ చెడ్డది కాదు, తేలిక, తొందరగా ఆరుతుంది, పురుగు ముట్టదు. చలిమంట దగ్గర మాత్రం జాగ్రత్త. నిప్పు తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. ఉన్నికి నిప్పు అంత సులువుగా అంటుకోదు. ఉన్ని పేరు చెప్పి అమ్మితే, లోపలి కుట్టులోంచి ఒక పోగు లాగి కాల్చి చూడండి. వెంట్రుకలు కాలిన వాసన వచ్చి బూడిదగా నలిగితే ఉన్ని, గట్టి పూసలా ముద్ద కడితే కాదు. ఈ లెక్కన మీ ఇంట్లో అందరికన్నా తెలివిగా ఉన్నది మీ అత్తమ్మే. దక్కనీ గొర్రెల బొచ్చుతో కురుమలు నేసి, చింతగింజల గంజి పట్టించే గొంగడి చలినీ చిరుజల్లునీ రెండింటినీ కాచుకుంటుంది. గరుకు కాబట్టి లోపల మెత్తటి దుప్పటి కావాలి, అంతే. అయితే వయసు మీద పడ్డాక ఒళ్లు పుట్టించే వేడి తగ్గుతుంది, చలి పట్టిన సంగతి కూడా ఆలస్యంగా తెలుస్తుంది. అడగలేదు కదా అని ఊరుకోకుండా, మిగిలిన డబ్బులో ఒక అసలు ఉన్ని శాలువా, సాక్స్, చెవులు మూసే టోపీ ఆమెకే కొనండి.

చిన్నమ్మాయి పట్టుదలను తప్పు పట్టను. కాలేజీలో నలుగురి మధ్యా తిరిగే పిల్లకు బట్ట వెచ్చదనం ఒక్కటే కాదు. కాకపోతే నలుగురూ చూసేది పై పొరనే. కాబట్టి పైది తనకు నచ్చిన రంగులో, నచ్చిన కోతలో తననే ఎంచుకోనివ్వండి. పోయిన ఏటి స్వెట్టర్ దాని లోపలికి పోతుంది. అలా అయితే ఏటా కొనక్కర్లేదు, రెండేళ్లకోసారి చాలు. ఇచ్చేయడానికి పక్కన పెట్టినవి కూడా నవంబరులోనే ఇచ్చేయండి. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుంటే అప్పుడు ఇచ్చి ఏం ప్రయోజనం?

మీరు అడగనిది ఒకటుంది. ఆ అరలో కలరా ఉండలు వేసి ఉంటారు. ఉన్నిని తినే పురుగులు చెమట మరకలున్న బట్టలనే ముందు పడతాయి కాబట్టి, ఉతికి ఎండలో ఆరేసి దాచడమే అసలు మందు. కలరా ఉండల్లో ఉండే నాఫ్తలీన్, జీ6పీడీ అనే ఎంజైమ్ లోపంతో పుట్టిన పసిపిల్లలకు విషం లాంటిది. ఆ వాసన పట్టిన బట్టలు తొడిగినా, కప్పినా వాళ్ల ఎర్ర రక్తకణాలు చితికిపోయి కామెర్లు ముదిరే ప్రమాదం ఉంది. లోపం ఉందో లేదో పైకి చూస్తే తెలియదు. డిసెంబరులో పెద్దమ్మాయి కాన్పుకు వచ్చేలోపు ఆ అర ఖాళీ చేసి, ఉండలు తీసి పారేసి, బాలింత గదిలోకి వెళ్లే రగ్గులూ శాలువాలూ అన్నీ ఉతికి బాగా గాలికి ఆరేయండి. చంటిబిడ్డకు పల్చటి నూలు బట్టలే, మీరు వేసుకున్నదానికన్నా ఒక పొర ఎక్కువగా వేయండి. వాటికి వేరే పెట్టె పెట్టుకోండి. పురుగు భయం ఉంటే అందులో ఎండు వేపాకు చాలు.