డ్రిప్పు గొట్టములలో ఒత్తిడి తగ్గినప్పుడు

హనుమాన్ జంక్షన్ కూడలిలో నిలిచి చూచినచో గుడివాడ త్రోవన కాలువ నీటి వరియు, నూజివీడు త్రోవన బోరు నీటి మామిడియు గలవు. వరి రైతునకు నీటి కొరత కంటి కెదురుగనే కనబడును. మామిడి రైతు నీరు నల్లని గొట్టములో పోవును గనుక, అది చెట్టునకు చేరినదో లేదో పిందె రాలిన పిమ్మటగాని తెలియదు.

పూత కొరకు వర్షములు వెనుకబట్టినది మొదలు మనము తోటకు నీరు ఆపుదుము. పిందె బఠాణి గింజంత అయిన పిదప మరల విడుచుదుము. ఆ నడిమి నెలలలో డ్రిప్పు సామగ్రి ఊరక పడియుండును. ఎలుకలు, ఉడుతలు గొట్టములు కొరుకును. ఫిల్టరులోని పాచి ఎండి అట్ట కట్టును. కనుకనే ఒత్తిడి తగ్గుట సరిగా నీరు కావలసిన దినమునే బయటపడును.

కొన్నియేండ్ల క్రిందట ఒక చిన్నరసాల తోటలో ఇట్లే జరిగెను. చివరి వరుసల చెట్లకు చుక్క చేరలేదు. “అయ్యగారూ, మోటారు పోయినట్లున్నది” అని రైతు అనగా, మేమును తల ఊపితిమి. బోరు లాగువారిని పిలిపించి మోటారును పైకి తీయించితిమి. అది చక్కగా నుండెను! మరల దింపునప్పటికి మూడు దినములు గడచెను. పిందె చాల రాలెను. తీరా ఫిల్టరు మూత విప్పగా జల్లెడ యంతయు ఎండిన పాచితోను ఇసుకతోను పూడియుండెను. అచ్చటనున్న ఒక్క గేజియు తుప్పుపట్టి, నీరున్నను లేకున్నను 1 వద్దనే నిలిచియుండెను. దానిని తట్టియైనను చూడకుండుట మా తప్పు.

కాబట్టి మొదట గేజినే పరీక్షింపవలెను. మోటారు ఆపి వాల్వులు తెరచినప్పుడు ముల్లు సున్నకు రానిచో దానిని నమ్మరాదు. ఫిల్టరునకు ముందొకటి, తరువాత నొకటి, రెండు గేజీలుండవలెను. అందు ఒక కిలో అనగా సుమారు 10 మీటర్ల ఎత్తు నీటి బరువు. సాధారణముగా డ్రిప్పరులు పనిచేయుటకు ఆ ఒక కిలో చాలును. తోట బాగుగా పారిన దినమున రెండు ముల్లులు ఎచ్చట నిలిచినవో స్టార్టరు పెట్టె తలుపు లోపల వ్రాసి యుంచుడు. ఆ అంకెలు లేక రోగ నిర్ణయము గ్రుడ్డివాని బాణమే.

ముందరి ముల్లు ఎక్కువగను, వెనుకటిది తక్కువగను ఉన్నచో దోషము ఫిల్టరులోనిదే. శుభ్రమైన జల్లెడకు ఆ భేదము స్వల్పము. అర కిలోకు చేరినచో కడుగవలెను. రెండు ముల్లులును మామూలుగనో అంతకు మించియో ఉండి చెట్టునకు నీరందనిచో డ్రిప్పరులు పూడినవి. గంటకు 8 లీటర్ల డ్రిప్పరు క్రింద చెంబు నుంచినచో 15 నిమిషములలో 2 లీటర్లు పడవలెను. తెల్లని ఉప్పు పేరినచో ఆమ్లమును, పాచికి బ్లీచింగు పౌడరు నీటిని నిపుణుని సలహాపై వాడుదురు. ఈ రెంటిని ఎన్నటికిని కలుపరాదు. ప్రాణాపాయమగు విషవాయువు పుట్టును.

రెండు ముల్లులును పడిపోయినప్పుడే తెలివి కావలయును. పొలపు వాల్వును మెల్లగా కొంత మూయుడు. ముల్లు పైకి లేచినచో మోటారు మంచిదే. నీరు తోటలో ఎచ్చటనో వృథాగా పోవుచున్నది. పగిలిన గొట్టమో, ఊడిన చివరి మూతయో, లేక ఒకేసారి ఎక్కువ మడులు తెరచుటయో కారణము. లేవనిచో బోరు వైపు చూడవలెను. అయితే ముందుగా బైపాసు వాల్వు తెరచియున్నదేమో చూడుడు. కరెంటు లైను బాగుచేసిన మరునాడే నీరు తగ్గినచో ఫేజులు తారుమారై మోటారు వెనుకకు తిరుగుచుండవచ్చును. ఇది ఎలక్ట్రీషియను నిమిషములో సరిచేయు పని. మొదట బాగుండి అరగంటకు ముల్లు వణకుచు దిగినచో బోరులో నీరు చాలుట లేదు. నీటిమట్టము 10 మీటర్లు దిగినచో గేజిలో సుమారు కిలో వరకు తగ్గును. దానికి పెద్ద మోటారు మందు కాదు.

భూమిలోని మెయిను గొట్టము కారుచున్నదన్న అనుమానమున్నచో ఇద్దరు మనుష్యులు కావలెను. బైపాసు మూసి, పొలపు వాల్వులను మెల్లగా మూయుచుండగా ముల్లు 2 దాటగానే రెండవవాడు మోటారు ఆపవలెను; వెంటనే వాల్వులు బిగింపవలెను. గొట్టముపై అచ్చువేసిన అంకెను మించి ఒత్తిడి పెంచరాదు. ముల్లు నిలిచినచో గొట్టము గట్టిదే. గబగబ దిగినచో బోరు తలవద్ద గేటువాల్వును కూడ మూసి మరల చూడుడు. ఇప్పుడు నిలిచినచో నీటిని వెనుకకు పోనీయని వాల్వు పాడైనది. అప్పటికిని దిగినచో మెయిను గొట్టమును త్రవ్వి చూడవలసినదే. 2004లో సేద్యపు మోటార్లకు ఉచిత విద్యుత్తు వచ్చినది మొదలు ఇట్టి కారుడు బిల్లులో కనబడదు గనుక, ఏండ్ల తరబడి దాగియుండుట మేము చూచితిమి.

ఇక పూతకు ముందు నీరు ఆపు దినమున ఒక పూట పని. ఫిల్టరు కడిగి ఆరబెట్టి, ప్రతి గొట్టము చివరి మూత తీసి తేటనీరు వచ్చువరకు మోటారు నడిపి, మరల బిగించి, రెండు గేజీల అంకెలను ఆ పెట్టె తలుపుమీద తేదీతో వ్రాయుడు.