రెండు లక్షల నలభై వేలు తిరిగిన బొలెరో కొనొచ్చా?

సమస్య

పాకాల మండలం దామలచెరువు దగ్గరి మామిడి రైతు ఒకరు ఈ శీర్షికకు రెండు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ఇంట్లో ఏడుగురు. తల్లిని నెలకు రెండుసార్లు తిరుపతి ఆస్పత్రికి తీసుకుపోవాలి. పెద్దమ్మాయి అక్కడే హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. తోటకు పోయే దారి వాన పడితే బురద. ఇన్నాళ్లూ ఏ అవసరం వచ్చినా బాడుగ బండే దిక్కు. 2025 సీజన్లో తోతాపురి ధర పడిపోయి, ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇచ్చేలా ఖరారు చేయాల్సి వచ్చిన సంగతి ఆ ప్రాంతంలో ఎవరూ మర్చిపోలేదు. అలాంటి ఏడాది గడిచాక కూడా, చీటీ పాట డబ్బుతో కలిపి ఆయన చేతిలో నాలుగు లక్షలున్నాయి. అప్పు చేయనని ముందే తేల్చేశారు.

ఆయన ముందు రెండు బండ్లున్నాయి. ఒకటి పక్కూరి రిటైర్డ్ టీచరు బొలెరో. 2012 మోడల్, ఏపీ 03 నంబరు, మీటరు మీద 2,40,000 కిలోమీటర్లు, అడుగుతున్నది 3 లక్షల 10 వేలు. రెండోది బావమరిది ఫోన్లో చూపించిన 2016 స్కార్పియో. ఢిల్లీ రిజిస్ట్రేషన్, డీజిల్, మీటరు మీద 82,000 మాత్రమే, ధర 3 లక్షల 90 వేలు. పదివేలు అడ్వాన్సు పంపితే బండి పక్కన పెడతామన్నారట.

"బావమరిది స్కార్పియో అంటాడు. మా ఇంటామె రెండూ వద్దు, బాడుగే మేలంటుంది. జాస్తి తిరిగిన బండి కొంటే డబ్బులు నీళ్లలో పోసినట్టేనా అన్నా?" అన్నది ఆయన ప్రశ్న.

సలహా

జాస్తి తిరిగిన బండి అనగానే చెడిన బండి అనుకోనక్కర్లేదు. తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర నిలబడే టాక్సీ ఇన్నోవాల డ్రైవర్లను కదిలిస్తే మూడు లక్షలు, నాలుగు లక్షలు అని మామూలుగా చెబుతారు. వేళకు ఆయిల్ మార్చి, ఫిల్టర్లు మార్చి, రోడ్డు మీద ఒకే తీరున నడిపిన డీజిల్ ఇంజన్‌కు రెండున్నర లక్షలు పెద్ద వయసేం కాదు. ఎవరు నడిపారో, ఎక్కడ సర్వీసు చేయించారో, మీటరు నిజమో కాదో తెలియని బండే అసలు ప్రమాదం.

ఆ లెక్కన స్కార్పియోను చూద్దాం. పదేళ్లలో 82,000 అంటే రోజుకు ఇరవై రెండు, ఇరవై మూడు కిలోమీటర్లు. అంత తక్కువ తిరిగేవాళ్లు పది లక్షల పైన పోసి డీజిల్ ఎస్‌యూవీ కొనడం అసాధ్యం కాదు గానీ, అనుమానించాల్సిన సంగతే. డిజిటల్ మీటరును కూడా లాప్‌టాప్ తగిలించి వెనక్కి తిప్పేస్తారు. తిప్పడం కుదరనివి వేరే ఉన్నాయి: బ్రేకు, క్లచ్ పెడళ్ల మీది రబ్బరు, స్టీరింగ్ తోలు, గేర్ రాడ్డు గుబ్బ, డ్రైవర్ సీటు అంచు. మీటరు ఎనభై రెండు వేలంటూ పెడల్ రబ్బరు అరిగి నున్నగా ఉంటే పెడల్‌నే నమ్మాలి. టైరు పక్కన అచ్చు వేసిన నాలుగంకెలు చూడాలి. 2319 అని ఉంటే 2019 సంవత్సరం ఇరవై మూడో వారంలో తయారైన టైరని అర్థం. అన్నిటికన్నా గట్టి సాక్ష్యం కంపెనీ సర్వీసు రికార్డు. ఛాసిస్ నంబరుతో షోరూంలో అడిగితే, అక్కడ సర్వీసు చేయించినంత కాలం ఏ తేదీన మీటరు ఎంత ఉందో బయటపడుతుంది. యజమాని చేతే అడిగించాలి.

ఢిల్లీ బండి అంత చవగ్గా ఎందుకు వస్తోంది? పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు ఢిల్లీ పరిసరాల్లో తిరగకూడదని 2015లో జాతీయ హరిత ట్రైబ్యునల్ ఆదేశించింది, 2018లో సుప్రీంకోర్టు దాన్నే నిలబెట్టింది. తర్వాత ఆ వ్యవహారం మళ్లీ కోర్టు మెట్లెక్కినా, పదేళ్లు దగ్గరపడ్డ డీజిల్ బండిని బయటి రాష్ట్రానికి అమ్మేయడం అక్కడ అలవాటైపోయింది. అలా అమ్మడంలో మోసమేమీ లేదు, ఫోన్లో చెప్పే ధర మాత్రం పూర్తి ధర కాదు. అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ తేవాలి. ఇక్కడ తిరుపతిలో మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ పన్నుకు లెక్క బండి కొత్తగా ఉన్నప్పటి అసలు ధర మీద, వయసును బట్టి. పైగా రెండు వేల కిలోమీటర్లు పైచిలుకు నడిపించుకు రావాలి. 3 లక్షల 90 వేలతో మొదలైతే నాలుగు లక్షల్లో ఆగే మాటే లేదు.

ఇంకొక సంగతి సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు చాలామంది ఆలోచించరు. బండి ధర సగానికి పడిపోయినా దాని సామాన్ల ధర పడిపోదు. పన్నెండు లక్షల బండికి ఇంజెక్టర్లు, టర్బో పోతే పన్నెండు లక్షల బండి రేటే. తక్కువ బడ్జెట్ వాళ్లకు సాదా బండి మేలనడం అందుకే. బొలెరో 2000లో మార్కెట్లోకి వచ్చింది, ఇప్పటికీ తయారవుతూనే ఉంది. చిత్తూరు, తిరుపతి సరే, పాకాల షెడ్లలో కూడా దాన్ని విప్పి బిగించగల మేస్త్రీలున్నారు. పాత ఇన్నోవా అంతకన్నా హాయిగా ఉంటుంది, కాదనలేం. నాలుగు లక్షల్లో దొరికేది మాత్రం చాలావరకు టాక్సీగా తిరిగి పసుపు ప్లేటు మార్చుకున్నదే అవుతుంది. దాని డీజిల్ ఇంజన్‌కు టైమింగ్ బెల్టు కూడా ఉంది, వేళకు మార్చకపోతే ఇంజన్‌కే ముప్పు.

కాబట్టి ఈ కాలమ్ మొగ్గు టీచరు గారి బొలెరో వైపు. కొన్ని పరీక్షలు నెగ్గితేనే సుమా.

పొద్దున్నే, చెప్పకుండా వెళ్లాలి. బానెట్ మీద చెయ్యి పెడితే చల్లగా తగలాలి. ముందే స్టార్ట్ చేసి వేడెక్కించిన ఇంజన్ తన రోగాలు దాచేస్తుంది. స్టార్టయ్యాక కాసేపు తెల్లటి పొగ వచ్చి ఆగిపోతే భయం లేదు. నీలం పొగ ఆగకుండా వస్తుంటే ఇంజన్ ఆయిల్ తాగుతోందన్నమాట. రేజ్ చేసినప్పుడల్లా దట్టంగా నల్లపొగ వస్తే ఇంజెక్టర్లనో టర్బోనో అనుమానించాలి. తర్వాత ఇంజన్ ఐడిల్‌లో ఉండగానే ఆయిల్ పోసే మూత విప్పి, తిరగేసి ఆ నోటి మీదే ఊరికే పెట్టాలి. మూత సన్నగా అదురుతూ అక్కడే కూర్చుంటే ఇంజన్ బాగున్నట్టు. ఎగిరి పక్కన పడి, లోపలి నుంచి గుప్పుగుప్పున పొగ కొడుతుంటే మేస్త్రీలు 'బ్యాక్ కంప్రెషన్' అనే జబ్బు అదే. రింగులో, బోరో అరిగిపోయాయి, ఇంజన్ దించాల్సిందే. అలాంటి బండిని ఎంత తక్కువకిచ్చినా కొనకూడదు.

బొలెరో ఛాసిస్ ఫ్రేమ్ మీద కట్టిన బండి. కిందికి దూరి టార్చి వేసి, ఫ్రేమ్ మీద వెల్డింగ్ అతుకులు, తుప్పు ఉన్నాయేమో చూడాలి. బాడీ మీది గీతల సంగతి పట్టించుకోనక్కర్లేదు. చివరగా మనుషుల్ని నిండా ఎక్కించి భాకరాపేట ఘాట్ ఎక్కించాలి. టెంపరేచర్ ముల్లు పైకి పోతోందా, ఇంజన్ అరుస్తున్నా బండి కదలక క్లచ్ జారుతోందా, దిగేటప్పుడు బ్రేకు కొడితే ఒక పక్కకు లాగుతోందా అన్నది ఆ ఒక్క ఘాటే చెప్పేస్తుంది. మేస్త్రీకి ఒక పూట కూలి ఇచ్చి వెంట తీసుకెళ్లాలి. ఆ మేస్త్రీ అమ్మేవాళ్లకు తెలిసినవాడు కాకూడదు.

ధర దగ్గర బేరానికి ఆధారాలున్నాయి. ప్రైవేటు బండి ఆర్సీ పదిహేనేళ్లు. 2012 బండికి అది 2027తో తీరుతుంది. ఫిట్‌నెస్ చూపించి మరో అయిదేళ్లకు రెన్యువల్ చేయించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి కార్లకు ఆ ఫీజే 5,000 రూపాయలు, హరిత పన్ను వేరే. ఆ కాలపు 2,523 సీసీ ఇంజన్‌కు థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ప్రీమియం 2022 జూన్‌లో ఖరారైన రేటు ప్రకారం ఏడాదికి 7,897 రూపాయలు, పైన జీఎస్టీ. 2016 తర్వాత వచ్చిన 1,493 సీసీ బొలెరోకైతే 3,416 రూపాయలే. ఇంకొకటి: 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ తగ్గాక కొత్త బొలెరోల రేటు కూడా దిగింది. కొత్తది దిగినప్పుడు పాతది పాత రేటుకే పోవాలనడం న్యాయం కాదు. ఇవన్నీ ముందు పెట్టి మాట్లాడితే 2 లక్షల 75 వేలకు, మహా అయితే 2 లక్షల 85 వేలకు రావాలి. మిగిలిన లక్ష చిల్లరను తాకకూడదు. టైర్లు, బ్యాటరీ, క్లచ్ సెట్టు, ఆయిళ్లన్నీ మార్చడం, ఇన్సూరెన్సు మొదటి ఏడాదిలోనే ఆ డబ్బు అడుగుతాయి.

కాగితాల్లో ఒక్క మాట గట్టిగా. ఫారం 29, 30 మీద ఇద్దరూ సంతకాలు పెట్టి, ఆర్సీ పేరు మారేదాకా బేరం అయిపోయినట్టు కాదు. ఇన్సూరెన్సు పేరు మార్పుకు పద్నాలుగు రోజుల్లోపే అర్జీ పెట్టాలి. బండి అమ్మేసి ఆర్సీ మార్చకపోతే, ప్రమాదం జరిగినప్పుడు నష్టపరిహారం ఆర్సీలో పేరున్న పాత యజమానే కట్టాలని సుప్రీంకోర్టు 2018లో తేల్చి చెప్పింది. అంటే ఇది టీచరు గారి క్షేమం కూడా. పాత ఫైనాన్సు ఏదైనా మిగిలుందా, చలాన్లు ఉన్నాయా అన్నది ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే కనిపిస్తుంది.

ఇంటావిడ అభ్యంతరంలో న్యాయముంది. 2019కి ముందు డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి కాదు, కాబట్టి ఈ బొలెరోలో అది లేకపోవచ్చు. వెనక ఎదురెదురుగా ఉండే అడ్డ సీట్లలో తల్లినీ పిల్లల్నీ ఎప్పుడూ కూర్చోబెట్టకూడదు, తిరుపతి దారిలో అసలే వద్దు. ఆ సీట్లు తోటలో పనికి వచ్చేవాళ్లకూ, మామిడి బుట్టలకూ సరిపోతాయి. ఏడుగురూ కలిసి దూరం పోయేది ఏడాదికి రెండుసార్లయితే, ఆ రెండుసార్లూ బాడుగ బండి పిలుచుకోవడమే ఆమె మాటకు ఇచ్చే గౌరవం.

బొలెరో ఆ మూత పరీక్షలోనో, ఘాట్ మీదో తప్పితే దిగులు పడనక్కర్లేదు, ఇంకో బండి దొరుకుతుంది. రైతన్నా, బావమరిదికి ఈరోజే ఫోన్ చేసి ఆ పదివేల అడ్వాన్సు ఆపించండి. సైన్యంలో పనిచేస్తున్నామని, బదిలీ అయిందని చెప్పి లేని బండికి ఆన్‌లైన్‌లో అడ్వాన్సులు గుంజే ముఠాల మీద దేశమంతటా కేసులున్నాయి. కంటితో చూడని బండికి రూపాయి కూడా పంపకండి.