డబ్బా మీది అంకెలు ఏం చెబుతాయి?

ఇంజన్ ఆయిల్ ఎంత చిక్కగా ఉంటే అంత మంచిదని చాలామంది నమ్మకం. వేళ్ల మధ్య చుక్క వేసి రుద్ది చూస్తుంటారు. కానీ నడుస్తున్న ఇంజన్‌లో నూనె వేడి 100 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల ఉంటుంది. అప్పటి చిక్కదనం వేళ్లకు ఎలా తెలుస్తుంది?

ఢిల్లీ పక్కనున్న ఘాజియాబాద్‌నే తీసుకుందాం. మే నెలలో అక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. జనవరి తెల్లవారుజామున 5 డిగ్రీల దాకా దిగుతుంది. ట్రాక్టరైనా ఎక్స్‌కవేటరైనా రెండు కాలాల్లోనూ పనిచేయాలి. చలికి నూనె మరీ చిక్కబడితే స్టార్ట్ చేయగానే బేరింగులకు అందదు. వేడికి మరీ పలచబడితే లోహాల మధ్య పొర తెగి అరుగుదల మొదలవుతుంది. డబ్బా మీది 15డబ్ల్యూ-40 గుర్తు ఈ రెండు అవసరాల గురించే. 'డబ్ల్యూ' అంటే వింటర్, చలికాలం. 40 అంటే 100 డిగ్రీల వద్ద స్నిగ్ధత 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్స్ లోపు ఉంటుందని అర్థం. 15, 40 ఉష్ణోగ్రతలని పొరబడేవారూ ఉన్నారు.

సీహెచ్-4, సీఐ-4 వంటి ఏపీఐ గుర్తుల్లో 'సీ' డీజిల్ ఇంజన్లది. ఈ నూనెల్లో మసిని గడ్డకట్టకుండా తేలేలా ఉంచే రసాయనాలు కలుపుతారు. కొత్త నూనె త్వరగా నల్లబడితే కంగారు అక్కర్లేదు, మసిని పట్టుకుంటోందన్నమాట. ఎప్పుడు మార్చాలో అవర్ మీటర్ చూసి తేల్చుకోవాలి.

ఆయిల్ బ్రేకులున్న ట్రాక్టర్ సంగతి వేరు. చాలా మోడళ్లలో గేర్లు, హైడ్రాలిక్స్, బ్రేకులు మూడింటికీ ఒకే నూనె. అందులో మామూలు గేర్ ఆయిల్ పోస్తే బ్రేకులు కీచుమంటాయి, పట్టు సడలుతుంది. లోడుతో ఉన్న ట్రాలీని వాలులో ఆపాల్సి వస్తే ప్రమాదమే. మాన్యువల్‌లో యూటీటీఓ అని ఉంటే అదే పోయాలి.